ఊదితే పనిచేసింది సరే... ఎందుకు పనిచేసింది?

మీ ఇంట్లో తొంభైల్లో పెరిగిన అన్నయ్యో, బాబాయో ఉంటే ఒకసారి అడిగి చూడండి. టీవీకి తగిలించుకునే వీడియో గేమ్ పెట్టె, దాంట్లో దూర్చే క్యాసెట్, దాని మీద ‘9999 ఇన్ 1’ అన్న స్టిక్కర్... అన్నీ కళ్లకు కట్టినట్టు చెబుతారు. గేమ్ రాకుండా తెర మీద గీతలు వస్తే ఏం చేసేవారో కూడా చెబుతారు. క్యాసెట్ బయటికి తీసి, కింద ఉన్న పిన్నుల మీద ఉఫ్ అని గట్టిగా ఊది మళ్లీ పెట్టేవారు. చాలాసార్లు పనిచేసేది. ఆ రోజుల్లో పిల్లలందరికీ తెలిసిన వైద్యం అదొక్కటే.

నిజానికి గేమ్‌ను బాగుచేసింది ఊపిరి కాదు. క్యాసెట్‌ను తీసి మళ్లీ పెట్టినప్పుడు పిన్నులు సరిగ్గా తాకేవి, అంతే. ఊదడం వల్ల నోటి తేమ చేరి ఆ పిన్నులు పాడయ్యేవి కూడా. ఫలితం వచ్చింది, కారణం మాత్రం తప్పుగా అర్థమైంది.

ఇప్పుడు మీ సంగతికి వద్దాం. హాస్టల్ గదిలో శనివారం రాత్రి. ల్యాప్‌టాప్‌లో పాత గేమ్‌లు ఆడించే ఎమ్యులేటర్ ఉంది. అన్ని గేమ్‌లనూ బొమ్మలతో వరసగా చూపించే లాంచర్ కూడా ఉంది. క్లిక్ చేశారు. రెండు సెకన్లు నల్ల తెర వచ్చి, ఏ మెసేజీ లేకుండా మూసుకుపోయింది. ఏం చేస్తారు? తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారా? యూట్యూబ్‌లో ఎవరో చెప్పిన పది సెట్టింగులు ఒకేసారి మార్చేస్తారా? లేక ఎక్కడ తెగిందో వెతుకుతారా?

మొదటి రెండూ ఊదడమే. మూడోది మీకు కొలువు తెచ్చిపెట్టే పని. ఈ వారం దాని గురించే మాట్లాడుకుందాం.

దాచుకుంటున్న నైపుణ్యం

ఫ్రెషర్ల ఇంటర్వ్యూల్లో తరచూ వచ్చే ప్రశ్న ఒకటుంది. ‘మీరు సొంతంగా పరిష్కరించిన ఒక సమస్య చెప్పండి’. చాలామంది ఇక్కడే తడబడతారు. ఫైనలియర్ ప్రాజెక్టు గురించి బట్టీ పట్టిన నాలుగు వాక్యాలు అప్పజెబుతారు. ‘అందులో మీరు చేసిన భాగం ఏది?’ అని అడిగేసరికి గొంతు తగ్గిపోతుంది. అదే కుర్రాడు నిన్న రాత్రి రెండింటి దాకా కూర్చుని, సౌండ్ గరగరలాడుతున్న గేమ్‌ను సరిచేసి ఉంటాడు. ఆ మాట చెప్పడు. ‘గేమ్‌లు ఆడతాడనుకుంటారేమో’ అని భయం.

ఈ భయంలో తప్పు విద్యార్థులది మాత్రమే కాదు. మన ల్యాబుల్లో ఎప్పుడూ పనిచేసే ప్రోగ్రామే ఇస్తారు. దాన్ని టైప్ చేసి, అవుట్‌పుట్ రికార్డులో రాసేసి, సంతకం పెట్టించుకుంటాం. పనిచేయని ప్రోగ్రామ్ చేతికిచ్చి ‘ఎందుకు పనిచేయడం లేదో కనుక్కో’ అనే పరీక్ష నాలుగేళ్లలో ఎన్నిసార్లు రాశారు? ఉద్యోగంలో మాత్రం మొదటి రోజు నుంచీ అదే పని. పగిలిన వస్తువుతో కూర్చోవడం కాలేజీ నేర్పకపోతే, మీకు ఇష్టమైన చోట మీరే నేర్చుకోవాలి. పాత గేమ్‌లు అందుకు మంచి ల్యాబ్. తప్పు చేస్తే ఎవరి డబ్బూ పోదు, ఎవరి సర్వరూ ఆగదు.

ముందు గొలుసు అర్థం చేసుకోండి

ఎమ్యులేటర్ అంటే ఒక యంత్రంలా నటించే ప్రోగ్రామ్. 1983లో జపాన్‌లో నింటెండో విడుదల చేసిన ఫ్యామికామ్‌నే తీసుకోండి. మన దగ్గర టీవీ గేమ్ పేరుతో అమ్ముడైన పెట్టెల్లో చాలావాటికి అదే నమూనా. దాని ప్రాసెసర్ వేగం సుమారు 1.79 మెగాహెర్ట్జ్. బొమ్మ గీయడానికి వేరే చిప్ ఉండేది. ఎమ్యులేటర్ ఆ ప్రాసెసర్‌కు రాసిన ఒక్కో ఆదేశాన్ని తీసుకుని, దాని అర్థం చూసి, మీ కంప్యూటర్‌లో అదే ఫలితం వచ్చేలా చేస్తుంది. కంప్యూటర్ ఆర్గనైజేషన్ పేపర్‌లో మీరు చదివిన ఫెచ్, డీకోడ్, ఎగ్జిక్యూట్ ఇదే.

లాంచర్ పని వేరు. ప్లేనైట్, లూట్రిస్, ఎమ్యులేషన్‌స్టేషన్ లాంటివి గేమ్‌ను తామే నడపవు. మీ ఫోల్డర్లు వెతికి జాబితా చూపిస్తాయి. మీరు క్లిక్ చేయగానే ‘ఫలానా ఎమ్యులేటర్‌ను ఫలానా ఫైలుతో తెరువు’ అని ఒక కమాండ్ పంపిస్తాయి. రెట్రోఆర్చ్ లాంటి వాటిలో ఇంకో మెట్టు ఉంటుంది. ఒక్కో గేమ్ యంత్రానికి ఒక్కో ‘కోర్’ ఉంటుంది, ఏ కోర్ వాడాలో కూడా చెప్పాలి.

అంటే మీ క్లిక్‌కూ, తెర మీద బొమ్మకూ మధ్య ఒక గొలుసు ఉంది. లాంచర్, కమాండ్, ఎమ్యులేటర్, కోర్, కొన్ని యంత్రాలకు బయాస్ ఫైలు, గేమ్ ఫైలు, చివర్న గ్రాఫిక్స్ డ్రైవర్, సౌండ్, కంట్రోలర్. ఎక్కడ తెగినా మీకు కనిపించేది ఒకటే, నల్ల తెర. ఏ లింకు తెగిందో కనుక్కోవడమే ట్రబుల్‌షూటింగ్.

మొదటి మెట్టు: గొలుసును సగానికి కోయండి

లాంచర్‌ను పక్కనపెట్టి ఎమ్యులేటర్‌ను నేరుగా తెరవండి. అదే గేమ్‌ను అందులోంచి లోడ్ చేయండి. ఆడిందా? అయితే ఎమ్యులేటర్, కోర్, గేమ్ ఫైలు, డ్రైవర్ అన్నీ బాగున్నట్టే. తప్పు లాంచర్‌లోనో, అది పంపే కమాండ్‌లోనో ఉంది. ఆడలేదా? లాంచర్ నిర్దోషి. ఒక్క ప్రయోగంతో సగం అనుమానితులను వదిలేశారు. బైనరీ సెర్చ్‌ను పరీక్షలో రాశారు కదా, ఇది దాని నిజజీవిత వాడకం.

తప్పు కమాండ్‌లో ఉందనుకుందాం. ఎక్కువగా కనిపించే దోషి చాలా చిన్నది, ఒక ఖాళీ జాగా. మీ గేమ్‌లు డీ డ్రైవ్‌లో ‘ఓల్డ్ గేమ్స్’ అనే ఫోల్డర్‌లో ఉన్నాయి. లాంచర్ ఆ దారిని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టకుండా పంపితే, ఎమ్యులేటర్‌కు ఒక ఫైలు పేరు బదులు రెండు ముక్కలు అందుతాయి. ‘ఓల్డ్’ దాకా ఒకటి, ‘గేమ్స్’ నుంచి మరొకటి. ‘ఓల్డ్’ అనే ఫైలు లేదు కాబట్టి మూసుకుపోతుంది. లాంచర్ సెట్టింగుల్లో ఆ దారికి రెండు వైపులా కొటేషన్ గుర్తులు పెడితే చాలు.

దీనికి మన తెలుగువాళ్లకు మరో రూపం ఉంది. కంప్యూటర్ యూజర్ పేరో, ఫోల్డర్ పేరో తెలుగులో పెట్టుకున్నవారికి కొన్ని పాత ప్రోగ్రామ్‌లు అక్షరాలను గుర్తించలేక ‘ఫైలు దొరకలేదు’ అంటాయి. ఫైలు కళ్ల ముందే కనిపిస్తుంటుంది! అదే గేమ్‌ను మామూలు ఇంగ్లిషు అక్షరాల పేరున్న ఫోల్డర్‌లోకి కాపీ చేసి చూడండి. ఆడితే కారణం దొరికినట్టే. యూనికోడ్ సమస్య అంటే ఏమిటో పుస్తకంలో చదివినదానికన్నా బాగా అర్థమవుతుంది.

రెండో మెట్టు: లాగ్ చదవండి

నల్ల తెర మాట్లాడదు గానీ లాగ్ ఫైలు మాట్లాడుతుంది. రెట్రోఆర్చ్‌లో సెట్టింగుల్లోకి వెళ్లి లాగింగ్ ఆన్ చేస్తే, ఏ కోర్ తెరిచిందీ, ఏ ఫైలు వెతికిందీ, ఎక్కడ ఆగిందీ వరసగా రాస్తుంది. మిగతా ఎమ్యులేటర్లలో చాలావాటికీ ఈ సౌకర్యం ఉంది. లాగ్ చూసి భయపడొద్దు. ఐదొందల వరసల్లో మీకు కావాల్సింది సాధారణంగా ఒకట్రెండే. ‘ఎర్రర్’ అనే మాట మొదటిసారి ఎక్కడ వచ్చిందో చూడండి, దాని పైన ఉన్న నాలుగు వరసలు చదవండి. చివరి ఎర్రర్ కన్నా మొదటి ఎర్రర్ ముఖ్యం. తర్వాతివి చాలావరకు దాని పర్యవసానాలే.

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజినీరుకూ, రెండేళ్ల అనుభవమున్న ఇంజినీరుకూ కనిపించే పెద్ద తేడా ఇక్కడే. కొత్తవారు తెరను చూసి ఊహిస్తారు. అనుభవమున్నవారు లాగ్ తెరుస్తారు. ఈ అలవాటుకు రెండేళ్లు ఆగక్కర్లేదు.

మూడో మెట్టు: ఫైలు అసలుదేనా?

లాగ్ ‘ఫైలు తప్పు’ అంటే మూడు రకాల తప్పులు ఎక్కువగా కనిపిస్తాయి.

ఒకటి, సీడీ గేమ్‌లు. వీటికి తరచూ రెండు రకాల ఫైళ్లు ఉంటాయి. పెద్దది ‘బిన్’, డేటా అంతా అందులోనే. చిన్నది ‘క్యూ’, అది మామూలు టెక్స్ట్ ఫైలు. ఏ బిన్‌లో ఏ ట్రాక్ ఉందో అందులో పేరుతో సహా రాసి ఉంటుంది. మీరు అందంగా ఉంటుందని బిన్ ఫైలు పేరు మార్చారు. క్యూ ఫైలు ఇంకా పాత పేరే పిలుస్తోంది. పిలిచినవాడు పలకడు, గేమ్ తెరుచుకోదు. క్యూ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి పేరు సరిచేస్తే అయిపోయే పని. దీనికి పదిసార్లు డౌన్‌లోడ్ చేసేవాళ్లున్నారు.

రెండు, బయాస్. ప్లేస్టేషన్ లాంటి యంత్రాలకు సొంత స్టార్టప్ ప్రోగ్రామ్ ఉంటుంది. మొదటి ప్లేస్టేషన్‌లో దాని పరిమాణం 512 కిలోబైట్లు. ఎమ్యులేటర్ వెతికే పేరూ, మీ దగ్గరున్న పేరూ అక్షరం తేడా లేకుండా ఉండాలి. విండోస్‌లో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు ఒకటే. లినక్స్‌లో వేర్వేరు. అందుకే ‘నా ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో ఆడుతోంది, నా దాంట్లో ఆడట్లేదు’ అనే ఫిర్యాదు వస్తుంది. పేరు సరిగ్గా ఉన్నా లోపలి సరుకు వేరై ఉండొచ్చు. దాన్ని తేల్చేది హ్యాష్. విండోస్‌లో సర్ట్‌యుటిల్, లినక్స్‌లో ఎండీ5సమ్ కమాండ్‌తో ఫైలు వేలిముద్ర తీసి, ఎమ్యులేటర్ డాక్యుమెంటేషన్‌లో ఇచ్చినదానితో పోల్చండి. ఒక్క బైటు తేడా ఉన్నా వేలిముద్ర మారిపోతుంది.

మూడు, వెర్షన్ల గొడవ. ఆర్కేడ్ గేమ్‌ల ఎమ్యులేటర్ మేమ్ 1997 ఫిబ్రవరిలో మొదలైంది, ఇప్పటికీ కొత్త వెర్షన్లు వస్తున్నాయి. పాత బోర్డుల్లోని చిప్‌లను మరింత కచ్చితంగా చదివిన కొద్దీ, ఏ గేమ్‌కు ఏ ఫైళ్లు కావాలన్న జాబితా మారుతుంది. పాత సెట్‌ను కొత్త మేమ్‌కు ఇస్తే ‘కొన్ని ఫైళ్లు లేవు’ అంటుంది. గేమ్ పాడైపోలేదు, రెండిటి కాలం కలవలేదు, అంతే. ఫైళ్లను సరిచూసే కమాండ్ కూడా మేమ్‌లోనే ఉంది. పైథాన్ లైబ్రరీ వెర్షన్లు కలవక ప్రాజెక్టు ఆగిపోయిన అనుభవం మీకుంటే, ఇది దాని అన్నదమ్ముడే.

నాలుగో మెట్టు: ఆడుతోంది, కానీ సరిగ్గా లేదు

బొమ్మ వచ్చింది. కానీ నత్తనడక, లేదా సౌండ్ గరగర. ఇక్కడే జనం పది సెట్టింగులు ఒకేసారి మార్చి, ఏది పనిచేసిందో తెలియక తికమకపడతారు. నియమం ఒకటే పెట్టుకోండి. ఒకసారికి ఒక్క మార్పు. మార్చేముందు ఏమనుకుంటున్నారో రాసుకోండి, మార్చాక ఏమైందో రాసుకోండి.

అతి సులువైనదాంతో మొదలుపెట్టండి. ఛార్జర్ పెట్టారా? బ్యాటరీ మీద ఉంటే ల్యాప్‌టాప్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న ల్యాప్‌టాప్ అయితే, ఎమ్యులేటర్ ఏది వాడుతోందో చూడండి. తర్వాత వల్కన్ నుంచి ఓపెన్‌జీఎల్‌కు, లేదా అటు నుంచి ఇటు మార్చి చూడండి. ఒకదాంట్లో బాగుండి ఇంకోదాంట్లో లేకపోతే అనుమానం డ్రైవర్ మీదికి వెళ్తుంది.

వేగానిదీ ఒక లెక్క. అమెరికా, జపాన్ యంత్రాలకు రాసిన గేమ్‌లు సెకనుకు దాదాపు 60 ఫ్రేములు, యూరప్‌వి 50. ఫ్యామికామ్ కచ్చితమైన లెక్క సుమారు 60.1. మీ మానిటర్ 144 హెర్ట్జ్‌ది అనుకోండి. సింక్ సెట్టింగులు సరిగ్గా లేక ఎమ్యులేటర్ మానిటర్ వేగాన్నే అనుసరిస్తే, గేమ్ 2.4 రెట్లు పరుగెడుతుంది. మారియో పరుగు చూసి నవ్వుకోవచ్చు గానీ, 144ను 60తో భాగిస్తే ఆ అంకె ఎందుకొచ్చిందో తెలుస్తుంది. లక్షణాన్ని అంకెగా మార్చగలిగితే కారణం సగం దొరికినట్టే.

కొన్నిసార్లు తప్పు మీది కానే కాదు. గేమ్‌క్యూబ్, వీ గేమ్‌లు ఆడించే డాల్ఫిన్ ఎమ్యులేటర్‌లో ఏళ్ల తరబడి ఒక సమస్య ఉండేది. కొత్త దృశ్యం రాగానే గేమ్ ఒక్క క్షణం ఆగి కదిలేది. కారణం, ఆ యంత్రపు గ్రాఫిక్స్ చిప్ ఎప్పటికప్పుడు రూపం మార్చుకునేది. ప్రతి కొత్త రూపానికీ పీసీలో ఒక షేడర్ కంపైల్ కావాలి, ఆ కాస్త సమయమే తెర ఆగడానికి కారణం. 2017లో డాల్ఫిన్ బృందం ‘ఊబర్‌షేడర్’ తెచ్చింది. ఆ చిప్ పనితీరు మొత్తాన్నీ అనుకరించే ఒక పెద్ద షేడర్‌ను ముందే సిద్ధంగా ఉంచుతారు. అసలు షేడర్ వెనకాల కంపైలయ్యేదాకా ఇది నెట్టుకొస్తుంది. కంపైల్‌ను వేగంగా చేయడం సాధ్యం కాలేదు, అందుకని దానికోసం ఆగాల్సిన అవసరమే లేకుండా చేశారు. వెబ్‌సైట్లూ యాప్‌లూ వేగంగా నడిపించే ఇంజినీర్లు కూడా రోజూ ఇలాంటి ఆలోచనలే చేస్తారు.

ముట్టుకునే ముందు కాపీ

ఏ మార్పు చేసినా ముందు సేవ్ ఫైళ్లు వేరే చోట కాపీ పెట్టుకోండి. ఇక్కడ ఒక తేడా తెలియాలి. గేమ్ లోపల సేవ్ చేసింది వేరు, ఎమ్యులేటర్ తీసిన సేవ్ స్టేట్ వేరు. సేవ్ స్టేట్ అంటే ఆ క్షణంలో యంత్రం మెమరీ మొత్తానికీ ఫొటో తీసినట్టు. ఎమ్యులేటర్ కొత్త వెర్షన్‌కు మారితే ఆ ఫొటో చదవలేకపోవచ్చు. గేమ్ లోపలి సేవ్ మాత్రం సాధారణంగా నిలుస్తుంది. మూడు వారాల ఆట ఒక్క అప్‌డేట్‌తో పోయినవాళ్లకు ఈ నొప్పి తెలుసు. రేపు కంపెనీ డేటాబేస్ మీద చెయ్యి వేసేముందు బ్యాకప్ తీసే ఇంజినీరు, ఇలాంటి చిన్న నొప్పి ముందే పడినవారై ఉంటారు.

లోతు ఎంతుందో చూడండి

సూపర్ నింటెండోలో స్పీడీ గొంజాలెజ్ గేమ్ ఒకటుంది. పాత ఎమ్యులేటర్లలో ఒక దశలో బటన్ నొక్కగానే గేమ్ స్తంభించిపోయేది. అసలు యంత్రంలో మాత్రం ఏ ఇబ్బందీ లేదు. కారణం తవ్వితే ఇలా తేలింది. గేమ్ ప్రోగ్రామ్‌లో పొరపాటున, ఏ మెమరీ లేని చిరునామా నుంచి విలువ చదువుతూ, అది మారేదాకా తిరుగుతూ ఉండే లూప్ ఉంది. అసలు యంత్రంలో ఖాళీ చిరునామా చదివితే, తీగల మీద చివరగా ప్రయాణించిన విలువే తిరిగి వస్తుంది. మధ్యలో జరిగే మరో డేటా బదిలీ వల్ల ఆ విలువ ఎప్పుడో ఒకప్పుడు మారి లూప్ ముగుస్తుంది. ఆ సూక్ష్మాన్ని ఎమ్యులేటర్లు అనుకరించలేదు కాబట్టి లూప్ ఎప్పటికీ ముగిసేది కాదు.

గేమ్ రాసినవారి తప్పును యంత్రం కప్పిపుచ్చింది. ఎమ్యులేటర్ రాసినవారు ఆ తప్పు మీద కూడా గౌరవం చూపించాల్సి వచ్చింది. ‘ఈ ఒక్క గేమ్‌కు మినహాయింపు’ అని అతుకు వేస్తే ఐదు నిమిషాల పని. అసలు కారణం దాకా వెళ్లడమే ఇంజినీరింగ్.

చట్టం సంగతి మరవొద్దు

ఇక్కడ నిక్కచ్చిగా ఉండాలి. ఎమ్యులేటర్ రాయడం, వాడటం తప్పు కాదు. ప్లేస్టేషన్ ఎమ్యులేటర్ చేసిన కనెక్టిక్స్ మీద సోనీ వేసిన కేసులో, 2000లో అమెరికా అప్పీల్ కోర్టు కనెక్టిక్స్ వైపే తీర్పిచ్చింది. 2024 ఏప్రిల్‌లో యాపిల్ తన యాప్ స్టోర్‌లోకి పాత గేమ్‌ల ఎమ్యులేటర్లను అనుమతించింది. కానీ గేమ్‌ల పైరేట్ కాపీలు పంచడం, దించుకోవడం వేరే సంగతి. స్విచ్ ఎమ్యులేటర్ యూజు మీద నింటెండో 2024 ఫిబ్రవరిలో కేసు వేస్తే, మరుసటి నెలలోనే 24 లక్షల డాలర్లకు రాజీ కుదిరి ఆ ప్రాజెక్టు మూతపడింది. మన కాపీరైట్ చట్టం, 1957లో 52వ సెక్షన్, చట్టబద్ధంగా తన దగ్గరున్న ప్రోగ్రామ్‌కు బ్యాకప్ తీసుకోవడానికి, దాని పనితీరును పరిశీలించడానికి కొన్ని మినహాయింపులు ఇస్తోంది. ఎవరో అప్‌లోడ్ చేసిన వెయ్యి గేమ్‌ల మూటకు అవి వర్తిస్తాయనుకోవద్దు.

ఉద్యోగార్థిగా మీకిది రెండింతలు ముఖ్యం. ఇంటర్వ్యూలో ‘నా దగ్గర పదివేల గేమ్‌లున్నాయి’ అని గొప్పగా చెబితే, ఎదుటివారికి వినిపించేది ‘లైసెన్స్ అంటే నాకు లెక్కలేదు’ అని. కంపెనీ కోడ్‌ను మీ చేతిలో పెట్టాలా అని ఆలోచిస్తారు. ప్రయోగాలకు పైరేట్ గేమ్‌లు అవసరమే లేదు. ఔత్సాహికులు రాసి ఉచితంగా ఇచ్చే హోమ్‌బ్రూ గేమ్‌లున్నాయి. ఎమ్యులేటర్ల కచ్చితత్వం పరీక్షించడానికే రాసిన టెస్ట్ ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. నేర్చుకోవడానికి అవే మేలు కూడా. ఎందుకంటే సరైన ఫలితం ఎలా ఉండాలో అవే చెబుతాయి.

దీన్ని ఉద్యోగంగా మార్చడం ఎలా?

మొదట, రాసిపెట్టండి. ప్రతి సమస్యకూ ఐదు సంగతులు. ఏమైంది, ఏం కావాల్సింది, మళ్లీ అదే తప్పు రప్పించాలంటే ఏం చేయాలి, ఏ వెర్షన్లు, లాగ్‌లో ఏముంది. కారణం దొరికాక అదీ, పరిష్కారమూ చేర్చండి. మంచి బగ్ రిపోర్ట్ అంటే ఇదే. టెస్టింగ్, అప్లికేషన్ సపోర్ట్ ఉద్యోగాల్లో చేయాల్సిన పనిలో పెద్ద భాగం ఇదే. అలాంటివి ఐదారు గిట్‌హబ్‌లో పెడితే, ‘ప్రాబ్లమ్ సాల్వింగ్ స్కిల్స్’ అని రెజ్యూమేలో రాసే ఒక్క వరసకన్నా బరువు ఎక్కువ.

రెండోది, సొంతంగా ఒక చిన్న ఎమ్యులేటర్ రాయండి. చిప్-8తో మొదలుపెట్టండి. డెబ్బైల్లో పుట్టిన చిన్న భాష అది. 4 కిలోబైట్ల మెమరీ, 16 రిజిస్టర్లు, 64 అడ్డం 32 నిలువు చుక్కల తెర, 35 ఆదేశాలు. సీ గానీ పైథాన్ గానీ వస్తే సెలవుల్లో చేయగలిగిన పని. అందులోనూ ఒక మెలిక ఉంది. కొన్ని ఆదేశాలను ఒక్కో ఇంటర్‌ప్రెటర్ ఒక్కోలా అర్థం చేసుకుంది. అందుకే మీ కోడ్ ‘సరిగ్గా’ ఉన్నా కొన్ని గేమ్‌లు ఆడవు. ఎందుకో కనుక్కోండి. ఆ కథే మీ ఇంటర్వ్యూ.

మూడోది, ఓపెన్‌సోర్స్‌లో చెయ్యి కలపండి. మేమ్, డాల్ఫిన్ సీ ప్లస్ ప్లస్‌లో ఉన్నాయి, ప్లేనైట్ సీ షార్ప్‌లో, లూట్రిస్ పైథాన్‌లో. మీకు వచ్చిన భాషను బట్టి ఎంచుకోండి. మొదటి రోజే కోడ్ మార్చక్కర్లేదు. వేరేవాళ్లు పెట్టిన బగ్‌ను మీ మెషీన్‌లో రప్పించి, ఏ వెర్షన్ నుంచి మొదలైందో చెప్పినా ఆ డెవలపర్లకు పెద్ద సాయం.

ఈ విద్యకు గేమ్‌ల బయట గిరాకీ ఉందా అంటే, ఉంది. ఆండ్రాయిడ్ స్టూడియోలో మీరు వాడే ఎమ్యులేటర్ క్యూఈఎంయూ అనే ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టు మీద ఆధారపడింది. 2020లో యాపిల్ తన కంప్యూటర్లను సొంత చిప్‌లకు మార్చినప్పుడు, పాత ఇంటెల్ ప్రోగ్రామ్‌లు రొసెట్టా 2 అనువాదంతోనే నడిచాయి. చిప్ తయారై చేతికి రాకముందే దాని సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడానికి కంపెనీలు వాడేదీ ఎమ్యులేషన్, సిమ్యులేషన్‌లనే. హైదరాబాద్, బెంగళూరుల్లోని చిప్ డిజైన్ కేంద్రాలకు దరఖాస్తు చేసే ఈసీఈ, సీఎస్‌ఈ విద్యార్థులు ఇది గుర్తుంచుకోవాలి.

ఇంటర్వ్యూలో ఎలా చెప్పాలి?

ఒక నమూనా చూడండి. ‘నువ్వు పరిష్కరించిన సమస్య చెప్పు’ అన్నారనుకుందాం.

‘సర్, ఒక ఓపెన్‌సోర్స్ లాంచర్‌లో ప్రోగ్రామ్ తెరుచుకోకుండా మూసుకుపోయేది. ముందు లాంచర్ లేకుండా నేరుగా నడిపి చూశాను, పనిచేసింది. కాబట్టి సమస్య లాంచర్ పంపే కమాండ్‌లో ఉందనుకున్నాను. లాగ్ చూస్తే ఫైలు దారి ఖాళీ జాగా దగ్గర తెగిపోతోంది. కొటేషన్ గుర్తులు పెట్టాక సరైంది. నిజంగా అదే కారణమా అని, గుర్తులు తీసేసి మళ్లీ చూశాను. అదే తప్పు మళ్లీ వచ్చింది. తర్వాత దాన్ని రిపోర్ట్‌గా రాసి పెట్టాను.’

ముప్పై సెకన్లు కూడా పట్టదు. ఇందులో గొప్ప టెక్నాలజీ ఏమీ లేదు. కానీ వరస ఉంది, ఊహ ఉంది, ఊహను పరీక్షించడం ఉంది. ‘గుర్తులు తీసేసి మళ్లీ చూశాను’ అన్న వాక్యం అన్నిటికన్నా విలువైనది. ఎక్కువమంది సరికాగానే ఆగిపోతారు. మీరు కారణం నిరూపించారు.

ఒక హెచ్చరిక. చేయనిది చెప్పొద్దు. ఈ కథ బాగుందని ఇదే అప్పజెబితే, రెండో ప్రశ్నకే దొరికిపోతారు. ‘లాగ్‌లో ఏ వరస చూశావు?’ అంటే చూసినవారే చెప్పగలరు. ఇంకొకటి, ఇదొక్కటే ఉద్యోగం తెచ్చిపెట్టదు. డేటా స్ట్రక్చర్లు, ఎస్‌క్యూఎల్, ఆప్టిట్యూడ్ మానేసి రాత్రంతా గేమ్ సెట్టింగులతో కూర్చోమని ఎవరూ అనరు. వారానికి రెండు మూడు గంటలు, చేతిలో నోట్‌బుక్‌తో. ఆడే సమయం వేరు, బాగుచేసే సమయం వేరు అని లెక్క పెట్టుకుంటే ఇంట్లోవాళ్లకూ చెప్పుకోవచ్చు.

చివరగా అధ్యాపకులకు ఒక మాట. వచ్చే ల్యాబ్ పరీక్షలో ఒక్క ప్రశ్నయినా పనిచేయని ప్రోగ్రామ్‌తో ఇవ్వండి. అవుట్‌పుట్‌కు సగం మార్కులు, కారణం ఎలా కనుక్కున్నారో రాసినదానికి సగం మార్కులు. పిల్లలకు అంతకన్నా మంచి ప్లేస్‌మెంట్ శిక్షణ ఏముంటుంది?

ఇక మీకు, ఈ వారాంతానికి పని. మీ ల్యాప్‌టాప్‌లో ఏదో ఒకటి సరిగ్గా పనిచేయకుండానే ఉండి ఉంటుంది. గేమ్ కావచ్చు, ప్రింటర్ కావచ్చు, బ్లూటూత్ కావచ్చు. రీఇన్‌స్టాల్ చేయకుండా అరగంట కూర్చోండి. గొలుసు గీయండి, సగానికి కోయండి, లాగ్ చదవండి, ఒక్కటే మార్చండి, రాసుకోండి. మీ బాబాయి ఊదినప్పుడు కూడా గేమ్ పనిచేసింది. కాకపోతే ఎందుకు పనిచేసిందని ఆయన్ని ఉద్యోగం కోసం ఎవరూ అడగలేదు. మిమ్మల్ని అడుగుతారు.